ప్రతి సంఖ్యకూ ఓ స్వభావం

బందరు రోడ్డుకు 65. గుడివాడ రోడ్డుకు 165. దివిసీమ మీదుగా వెళ్లే రోడ్డుకు 216. బస్సు కిటికీలోంచి రోజూ కనిపించే ఈ మూడు సంఖ్యల్లో బ్రహ్మగుప్తుడున్నాడు, ఆర్యభటుడున్నాడు, ఫెర్మా ఉన్నాడు. సంఖ్యల్లో ఒక కొత్త కుటుంబాన్ని లోకానికి పరిచయం చేసిన గణితవేత్త పుట్టింది కూడా ఈ కృష్ణా డెల్టాలోనే.

పుణెలో బయల్దేరి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ దాటి వచ్చే జాతీయ రహదారి బందరులో ముగుస్తుంది. దాని సంఖ్య 65. ఆ దారిలోనే పామర్రు దగ్గర ఒక కొమ్మ చీలి గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు పోతుంది. అది 165. కత్తిపూడి దగ్గర మొదలై కోనసీమ, బందరు దాటి, మోపిదేవి మీదుగా వచ్చి, పెనుమూడి వారధి ఎక్కి రేపల్లె, బాపట్ల, ఒంగోలు వైపు సాగేది 216.

ఈ సంఖ్యలు పెట్టినవాళ్లు వాటి గణిత లక్షణాలు చూసి పెట్టలేదు. 2010లో దేశమంతటా రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు ఒక పద్ధతి అనుకున్నారు. తూర్పు పడమరలుగా సాగే ప్రధాన రహదారులకు బేసి సంఖ్యలు, ఉత్తర దక్షిణాలుగా సాగేవాటికి సరి సంఖ్యలు. కొమ్మ రోడ్డుకు మూడంకెల సంఖ్య, అందులో చివరి రెండంకెలు అసలు రోడ్డువి. అందుకే 65కు కొమ్మ 165 అయింది, కోల్‌కతా-చెన్నై రహదారి 16కు కొమ్మ 216 అయింది.

పద్ధతి మనుషులది. అయితే ఏ అవసరానికి వాడుకున్నా సంఖ్య తన గుణాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. అది ఏ సంఖ్యల లబ్ధమో, ఎన్ని విధాల విడిపోతుందో, దేనితో పొత్తు కుదురుతుందో ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు. ఆ గుణాన్ని చదవడం రెండువేల ఏళ్లకు పైగా మనుషులు చేస్తున్న పని. మన పంచాంగం, మన కొలతలు, మన తాళాలు కూడా ఆ చదువు మీదే నిలబడ్డాయి.

భాజకాలు చెప్పే గుణం

ఒక పూర్ణాంకాన్ని తెలుసుకోవాలంటే మొదట అడిగే ప్రశ్న ఒకటే. శేషం లేకుండా దీన్ని ఏవి భాగిస్తాయి?

1తోనూ తనతోనూ తప్ప వేరే దేనితోనూ భాగం పడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 ఆ కోవలోవి. వీటిని గుణించగా వచ్చేవి సంయుక్త సంఖ్యలు. 1 ఈ రెంటిలోనూ చేరదు. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. ముందు వెనకలు మారవచ్చు గానీ లోపలి సరుకు మారదు. 60ని ఎవరు, ఎప్పుడు, ఎటునుంచి విడదీసినా రెండు 2లు, ఒక 3, ఒక 5 తప్ప మరేమీ రావు. సంఖ్యా గణితమంతా ఈ ఒక్క సత్యం మీద నడుస్తుంది.

రెండో వర్గీకరణ కూడా పాతదే. క్రీ.శ. 100 ప్రాంతంలో గెరాసాకు చెందిన గ్రీకు పండితుడు నికోమాకస్ దాన్ని తన గ్రంథంలో వివరించాడు. ఏదైనా సంఖ్యను తీసుకుని, ఆ సంఖ్యను మినహాయించి దాని మిగతా భాజకాలన్నీ కూడాలి. 8 తీసుకుంటే 1, 2, 4 కలిసి 7 అవుతాయి, ఒకటి తక్కువ. కాబట్టి 8 న్యూన సంఖ్య. 12 తీసుకుంటే 1, 2, 3, 4, 6 కలిసి 16, అంటే ఎక్కువ. 12 అధిక సంఖ్య. 6 తీసుకుంటే 1, 2, 3 కలిసి సరిగ్గా 6. ఎక్కువా తక్కువా లేని ఇలాంటిదే పరిపూర్ణ సంఖ్య. 6 తర్వాత 28, ఆ తర్వాత 496, ఆ తర్వాత 8128. సరి పరిపూర్ణ సంఖ్యలను తయారుచేసే సూత్రాన్ని క్రీ.పూ. 300 నాటికే యూక్లిడ్ చెప్పాడు. 2024 అక్టోబరులో దొరికిన దానితో కలిపి ఈనాటికి మనకు తెలిసిన పరిపూర్ణ సంఖ్యలు 52 మాత్రమే. అన్నీ సరి సంఖ్యలే. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

ఈ రెండు కొలమానాలు పట్టుకుని మన రోడ్ల మీదికి వద్దాం.

బందరు దారి: 65

65 అంటే 5×13. రెండే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. తనను వదిలేస్తే భాజకాలు 1, 5, 13. కూడితే 19. కాబట్టి న్యూన సంఖ్య. భాజకాల లెక్కలో పేదగా కనిపించే ఈ సంఖ్య సంపద వర్గాల్లో ఉంది.

1 వర్గం, 8 వర్గం కలిపితే 1+64=65. 4 వర్గం, 7 వర్గం కలిపినా 16+49=65. వేర్వేరు సంఖ్యల వర్గాలను ఇలా రెండు విధాల కలపగా వచ్చే సంఖ్యల్లో అన్నింటికంటే చిన్నది 65.

ఇలా ఎందుకు జరుగుతుంది? దాని కారణాంకాలు చూడండి. 5ను 4తో భాగిస్తే శేషం 1. 13ను 4తో భాగించినా శేషం 1. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తం అవుతుందని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు. 5 అంటే 1, 2ల వర్గాల మొత్తం. 13 అంటే 2, 3ల వర్గాల మొత్తం. ఈ రెండు జతలనూ ఎలా ముడివేయాలో ఫెర్మాకు వెయ్యేళ్ల ముందే, క్రీ.శ. 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో చెప్పాడు. ఆ పద్ధతికి పేరు భావన. (1, 2), (2, 3) జతల్లో మొదటివాటిని గుణిస్తే 2, రెండోవాటిని గుణిస్తే 6. అడ్డంగా గుణిస్తే 1×3=3, 2×2=4. ఇప్పుడు 2, 6ల మొత్తం 8, భేదం 4. 3, 4ల మొత్తం 7, భేదం 1. మొత్తంతో భేదాన్ని జోడిస్తే 8తో 1 వచ్చింది, 4తో 7 వచ్చింది. 65లో దాగిన రెండు జతలూ బయటపడ్డాయి.

తాపీమేస్త్రీలు గోడకు మూల సరిగ్గా వచ్చిందో లేదో 3, 4, 5 కొలతలతో చూసుకుంటారు. మూడు అడుగులు ఒక పక్క, నాలుగు అడుగులు ఇంకో పక్క పెట్టి, ఏటవాలు దూరం అయిదు వస్తే అది లంబకోణం. అదే పని 65తో చేస్తే ఒకటి కాదు, నాలుగు త్రిభుజాలు వస్తాయి. 16, 63. 25, 60. 33, 56. 39, 52. ఏ జత పక్కల్లో పెట్టినా కర్ణం 65. నాలుగు లంబకోణ త్రిభుజాలకు ఒకే కర్ణం కాగల అతి చిన్న పూర్ణాంకం ఇదే. ఇంకా ఉంది. 1 నుంచి 25 వరకు సంఖ్యలను అయిదు గళ్ల మాయాచదరంలో అమర్చితే ఏ వరస కూడినా, ఏ నిలువు కూడినా, ఏ మూల నుంచి మూలకు కూడినా వచ్చేది 65.

గుడివాడ దారి: 165

165 అంటే 3×5×11. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కొక్కసారే. ఇదీ న్యూన సంఖ్యే. 1, 3, 5, 11, 15, 33, 55 కలిపితే 123. దీని అందం పేర్పులో ఉంది.

బత్తాయిలను త్రిభుజాకారంలో ఒకదానిపై ఒకటి పేర్చారనుకోండి. పైన ఒకటి. దాని కింద మూడు. ఆ కింద ఆరు, పది, పదిహేను, 21, 28, 36, 45. తొమ్మిది వరసలు పూర్తయ్యేసరికి మొత్తం 165. ఇలాంటి కుప్పలో ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా చెప్పే సూత్రం క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదంలో ఉంది. వరసల సంఖ్యను, దాని తర్వాతి రెండు సంఖ్యలను గుణించి ఆరుతో భాగించాలి. 9×10×11=990. ఆరుతో భాగిస్తే 165. తొమ్మిదిలోంచి ఒక 3, పదిలోంచి 2 ఆ ఆరుకు పోతే మిగిలేవి 3, 5, 11. సంఖ్య లోపలి సరుకు సూత్రంలోనే కనిపిస్తోంది.

అదే 165 ఎంపికలోనూ వస్తుంది. పదకొండు మంది క్రికెట్ జట్టులోంచి ముగ్గురిని ఎన్నుకోవడానికి ఎన్ని విధాలు? 165. ఛందస్సు తెలిసినవాళ్లకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో పరిచయం. ఇంద్రవజ్ర, ఉపేంద్రవజ్ర వృత్తాల పాదానికి పదకొండు అక్షరాలు. పదకొండు అక్షరాల పాదంలో సరిగ్గా మూడే గురువులు, మిగతావన్నీ లఘువులు ఉండేలా ఎన్ని అమరికలు సాధ్యం? అవీ 165. పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రాసిన హలాయుధుడు పదో శతాబ్దంలో మేరు ప్రస్తారం అనే పట్టికగా దీన్ని వివరించాడు. ఐరోపాలో అదే పట్టిక 17వ శతాబ్దంలో పాస్కల్ పేరు మీద ప్రసిద్ధమైంది. పండ్ల కుప్పకూ పద్య పాదానికీ ఒకే సంఖ్య రావడం యాదృచ్ఛికం కాదు. మేరువులో వాలుగా ఒక వరస పట్టుకుని దిగితే 1, 4, 10, 20, 35, 56, 84, 120, 165 వస్తాయి. అవే ఆర్యభటుడి కుప్పలు.

మొదటి అయిదు బేసి సంఖ్యల వర్గాలు, అంటే 1, 9, 25, 49, 81 కూడినా 165 వస్తుంది. ఒక కుప్ప, ఒక ఎంపిక, ఒక వర్గాల మొత్తం, మూడూ ఒకే చోట కలుస్తున్నాయి.

దివిసీమ దారి: 216

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం వరకు ఉన్న నేల దివిసీమ. అక్కడికి తీసుకెళ్లే రోడ్డు సంఖ్య 216, అంటే 6×6×6. మన మూడు రోడ్లలో ఇదొక్కటే ఘనం, ఇదొక్కటే అధిక సంఖ్య. దీనికి 16 భాజకాలు. తనను వదిలి మిగతావి కూడితే 384.

3 వర్గం, 4 వర్గం కలిస్తే 5 వర్గమని బడికెళ్లిన ప్రతివాళ్లకూ తెలుసు. ఘనాల్లో అలాంటిది ఉందా? రెండు ఘనాలు కలిపి ఘనం చేయడం ఎన్నటికీ కుదరదు. ఫెర్మా అన్న మాట అది. ఘనాల వరకు 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపణ దారి చూపాడు. అన్ని ఘాతాలకూ కలిపి ఆండ్రూ వైల్స్ నిరూపణ 1995లో అచ్చయింది. రెండు చాలవు గానీ మూడు ఘనాలు సరిపోతాయి. 3 ఘనం 27, 4 ఘనం 64, 5 ఘనం 125. కలిపితే 216, అంటే 6 ఘనం. 3, 4, 5, 6. వరసగా నాలుగు సంఖ్యలు, మధ్యలో ఏదీ వదలకుండా. మూడు ఘనాల మొత్తం అయ్యే ఘనాల్లో మొట్టమొదటిది ఇదే.

గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ సంఖ్య 1729లో రామానుజన్ చూసింది కూడా ఇలాంటిదే. 1, 12ల ఘనాలు కలిపినా, 9, 10ల ఘనాలు కలిపినా 1729 వస్తుంది. లండన్ టాక్సీ కథ మనకు కంఠస్థం. ఆ కథకు దగ్గరి చుట్టం లాంటి సంఖ్య మోపిదేవి గుడి ఉన్న ఊరి మీదుగా పోతోంది. ఆరు ముఖాల సుబ్రహ్మణ్యేశ్వరుడి ఊరికి ఆరు ఘనం సంఖ్యగా ఉన్న రోడ్డు రావడం కేవలం కాకతాళీయం. ఆరు మొదటి పరిపూర్ణ సంఖ్య కావడం మాత్రం కాకతాళీయం కాదు, అది ఏ లోకంలోనైనా మారని నిజం.

పెద్దలు ఏరికోరి తెచ్చుకున్న 60

రోడ్లకు సంఖ్యలు గుణం చూసి రాలేదు. మన పెద్దలు గుణం చూసి ఎంచుకున్న సంఖ్య ఒకటుంది. అది 60.

1, 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30, 60. మొత్తం పన్నెండు భాజకాలు. 60 కంటే చిన్న సంఖ్యల్లో ఇన్ని భాజకాలున్నది ఒక్కటీ లేదు. తన ముందున్న అన్నింటికంటే ఎక్కువ భాజకాలున్న ఇలాంటి సంఖ్యల మీద రామానుజన్ 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘమైన వ్యాసం ప్రచురించాడు. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 అలా సాగే వరస అది. ఆ రామానుజన్‌ను ఉద్యోగం లేని రోజుల్లో సొంత డబ్బుతో ఆదుకున్న ఆర్. రామచంద్రరావు అప్పట్లో నెల్లూరు కలెక్టరు. 1910లో రామానుజన్ ఆయన్ను కలిశాడు.

పంచాంగంలో 60 ఎక్కడ చూసినా ఉంటుంది. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. ప్రభవ నుంచి అక్షయ వరకు 60 సంవత్సరాలు. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు. ఇద్దరూ మళ్లీ ఇంచుమించు అదే చోట కలవాలంటే 12, 30ల క.సా.గు. కావాలి. అది 60. మనిషికి షష్టిపూర్తి చేసే ఆచారం వెనక ఆరో తరగతి పిల్లలు చేసే ఈ లెక్కే ఉంది.

పామర్రుకు దగ్గర్లోని కూచిపూడిలో నట్టువనారు చేతాళాలు పట్టుకుని చెప్పే జతుల్లోనూ ఇదే లెక్క. తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు. ఈ మూడు నడకలూ ఒకే దెబ్బ మీద మొదలై, మళ్లీ మూడూ ఒకే దెబ్బ మీద కలవాలంటే 60 మాత్రలు నడవాలి. మిశ్రం, అంటే ఏడు, కూడా కలిస్తే అది 420కి పోతుంది. ఏడు 60 భాజకాల్లో లేదు మరి.

ధాన్యం కొలతల్లో మాత్రం పెద్దలు వేరే గుణం కోరుకున్నారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఆ లెక్కన పుట్టికి 5120 గిద్దలు. ప్రధాన సంఖ్యలుగా విడదీస్తే పది 2లు, ఒక 5. కళ్లంలో గింజల రాశిని కంటి అంచనాతో సగం చేయవచ్చు గానీ మూడో వంతు చేయడం కష్టం. అందుకే సగాల మీద సగాలు. రూపాయికి 16 అణాలు, 192 పైలుగా ఉన్న కాలంలో 192కు 14 భాజకాలుండేవి. ముగ్గురికి రూపాయి పంచితే ఒక్కొక్కరికి 64 పైలు, చిల్లర మిగిలేది కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. రాయడం, కూడడం తేలికైంది. వందకు తొమ్మిదే భాజకాలు, వాటిలో 3 లేదు. ఇప్పుడు ధాన్యం బస్తా 75 కిలోలు, అంటే 3×5×5. ముగ్గురికీ అయిదుగురికీ సమంగా వస్తుంది, ఇద్దరికి మాత్రం పూర్తి కిలోల్లో సమంగా రాదు. ఏ కొలతా ఊరికే మంచిదీ చెడ్డదీ కాదు. ఎవరి మధ్య, ఎలా పంచాలో దాన్నిబట్టి సంఖ్యను ఎంచుకోవాలి.

అరవై ఏళ్ల చక్రం గురించి ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన రక్తాక్షి నామ సంవత్సరంలో వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన పింగళ నామ సంవత్సరంలో వచ్చింది. రెంటిలోనూ వేలమంది పోయారు. ఆ రెంటి మధ్య దూరం 113 ఏళ్లు. 113 ప్రధాన సంఖ్య. దాన్ని 60 గానీ, 12 గానీ, 30 గానీ భాగించవు. అరవై ఏళ్ల చక్రం జ్ఞాపకాలను వరసలో పెట్టుకోవడానికి పనికొస్తుంది, రాబోయే గాలివానను చెప్పడానికి పనికిరాదు. ఆ పనికి వాతావరణ శాఖ హెచ్చరికే దిక్కు.

యాజలి నుంచి ఆల్బర్టాకు

ఇదే డెల్టాలో, కృష్ణకు అవతలి ఒడ్డున, బాపట్ల జిల్లా కర్లపాలెం మండలంలో యాజలి అనే ఊరుంది. మతుకుమల్లి వెంకట సుబ్బారావు 1921 మే 4న అక్కడ పుట్టారు. అప్పుడది గుంటూరు జిల్లా. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ఆర్. వైద్యనాథస్వామి దగ్గర పరిశోధన చేశారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, అమెరికా వెళ్లి, 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం చేరారు. 2006 ఫిబ్రవరి 15న ఎడ్మంటన్‌లో కన్నుమూశారు. ప్రపంచ ప్రసిద్ధుడైన పాల్ ఎర్డోష్‌తో కలిసి పరిశోధన పత్రం రాసిన తెలుగువాడు ఆయన.

భాజకాలను ఇంకో విధంగా చూడవచ్చని ఆయన గురువు వైద్యనాథస్వామి 1931లో చెప్పారు. 60ని 4×3×5 అని రాద్దాం. రెండు 2లు కలిసి 4 అనే ఒక కట్ట అయ్యాయి. కోతలయ్యాక వరి కట్టలను విప్పకుండా పంచుకున్నట్టు, ఈ కట్టలను విప్పకుండా వచ్చే భాజకాలనే లెక్కలోకి తీసుకోవాలి. 2 తీసుకుంటే 4 అనే కట్ట విడిపోతుంది కాబట్టి అది కూడదు. 6, 10, 30 కూడా అంతే. మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20, ఇంకా 60. వీటిని ఏకక భాజకాలు అనవచ్చు.

ఇప్పుడు 60ని వదిలి మిగతావి కూడండి. 1+3+4+5+12+15+20=60.

నికోమాకస్ కొలమానంలో 60 అధిక సంఖ్య, మామూలు భాజకాలు కూడితే 108 వస్తుంది. కట్ట విప్పని కొలమానంలో అదే 60 పరిపూర్ణం. సుబ్బారావు, ఎల్.జె. వారెన్ కలిసి 1966లో కెనడా గణిత పత్రికలో ఈ సంఖ్యల గురించి రాశారు. వీటికి ఏకక పరిపూర్ణ సంఖ్యలని పేరు. వాళ్లు చూపినవి నాలుగు: 6, 60, 90, 87360. మన పంచాంగపు 60 అందులో ఉంది, మేస్త్రీ మూలమట్టం చూపే లంబకోణపు 90 కూడా ఉంది. అయిదోదాన్ని చార్లెస్ వాల్ వెలికితీయగా 1975లో అచ్చయింది. అది 146361946186458562560000. ఇరవై నాలుగు అంకెల సంఖ్య.

అయిదూ సరి సంఖ్యలే. బేసి ఏకక పరిపూర్ణ సంఖ్య ఎందుకు ఉండదో చెప్పడానికి నాలుగైదు వాక్యాలు చాలు. తనతో సహా ఏకక భాజకాల మొత్తం కావాలంటే ప్రతి కట్టకూ 1 కలిపి, వచ్చినవన్నీ గుణిస్తే సరి. 60కి 5×4×6=120, అంటే రెండు 60లు. సంఖ్య బేసిదైతే ప్రతి కట్టా బేసిదే, 1 కలిపితే సరి సంఖ్య అవుతుంది, రెండు కట్టలుంటే లబ్ధం 4తో భాగం పడుతుంది. కానీ బేసి సంఖ్యకు రెట్టింపు ఎన్నడూ 4తో భాగం పడదు. ఒకే కట్ట ఉంటే దానికి 1 కలిపినంత మాత్రాన రెట్టింపు కాదు. మామూలు పరిపూర్ణ సంఖ్యల విషయంలో యూక్లిడ్ కాలం నుంచి తేలని ప్రశ్న ఈ కుటుంబంలో ఇంత సులువుగా తేలిపోయింది.

సుబ్బారావు పేరు మీద ఇంకో ప్రసిద్ధమైన ఊహ ఉంది. ఒక సంఖ్యను ధన పూర్ణాంకాల మొత్తంగా, ఆ సంఖ్య ఒక్కటే ఉండటాన్నీ ఒక విధంగా లెక్కించి, ఎన్ని విధాల రాయవచ్చో చెప్పేది విభజనల లెక్క. 4ను అయిదు విధాల, 5ను ఏడు విధాల రాయవచ్చు. ఈ లెక్కలు ఎప్పుడు సరి, ఎప్పుడు బేసి అన్నది రామానుజన్ నడిచిన దారిలోని చిక్కు ప్రశ్న. సంఖ్యలను సమాన దూరంలో ఏ వరసగా ఏరుకున్నా, ఆ వరసలో విభజనల లెక్క అనంతంగా సరి సంఖ్యలూ ఇస్తుంది, అనంతంగా బేసి సంఖ్యలూ ఇస్తుందని 1966లో సుబ్బారావు ఊహించారు. సరి సంఖ్యల భాగాన్ని 1996లో కెన్ ఓనో, మిగిలిన భాగాన్ని 2012లో సిల్వియు రాడు నిరూపించారు. యాజలిలో పుట్టిన మనిషి వేసిన ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి నలభై ఏళ్లు దాటింది.

అదృష్ట సంఖ్యలు, అసలు లక్షణాలు

కొత్త బండికి 9999 కావాలని వేలంపాటలో వేలు, లక్షలు పెట్టేవాళ్లను చూస్తుంటాం. అంకెలు కూడితే ఎంత వస్తుందో చూసి ఇంటి నంబరు మార్చుకునేవాళ్లనూ చూస్తుంటాం. అంకెలు కూడడంలో నిజమైన గణితం ఉంది. కూడుకుంటూ ఒక్క అంకెకు తెస్తే తెలిసేది, ఆ సంఖ్యను 9తో భాగించినప్పుడు వచ్చే శేషం (9 వస్తే శేషం 0). అంతకు మించి ఆ అంకె మన పెళ్లి గురించీ వ్యాపారం గురించీ చెప్పేదేమీ లేదు. సంఖ్య మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లం దాని అసలు గుణం చూడకుండా వదిలేస్తున్నామన్నదే బాధ.

పిన్‌కోడ్‌లు చూడండి. 1972 ఆగస్టు 15న దేశంలో మొదలైన ఈ పద్ధతిలో బందరు 521001. దాని లోపల 3×3×13×61×73 ఉన్నాయి, 24 భాజకాలున్నాయి. గుడివాడ 521301 అంటే 3×11×15797, ఎనిమిది భాజకాలు. అవనిగడ్డ 521121 అంటే 3×173707, నాలుగే భాజకాలు. ఇంత పెద్ద ప్రధాన సంఖ్య అవనిగడ్డ ఉత్తరాల మీద రోజూ తిరుగుతోంది. బందరు పిన్‌లోని 73కు ఇంకో చరిత్ర ఉంది. 73ను 152207తో గుణిస్తే 11111111 వస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో హారాల్లా కనిపించే ఇలాంటి లబ్ధాలు ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితానికి తొలి గ్రంథం అదేనని చెబుతారు.

మీ ఇంటి నంబరుతో చేసి చూడండి

• డోర్ నంబరో, బండి నంబరో ఒకటి తీసుకోండి. చివరి అంకె సరిదైతే 2తో భాగం పడుతుంది. అంకెల మొత్తం 3తో భాగం పడితే సంఖ్యా 3తో భాగం పడుతుంది. చివర 0 గానీ 5 గానీ ఉంటే 5తో పడుతుంది.

• 11 కోసం అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, రెండు మొత్తాల భేదం చూడండి. అది 0 అయినా, 11తో భాగం పడినా సంఖ్య 11తో భాగం పడుతుంది. గుడివాడ 521301లో 5+1+0=6, 2+3+1=6. భేదం 0.

• పూర్తిగా విడదీశాక భాజకాలు రాసి కూడండి. న్యూనమా, అధికమా, పరిపూర్ణమా తేల్చండి.

• ఆ తర్వాత కట్టలు విప్పకుండా వచ్చే భాజకాలనే కూడండి. రెండు జవాబుల మధ్య తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే చెప్పమనండి.

ఆరోది ఉందా?

బడిలో కారణాంకాలు, గ.సా.భా., క.సా.గు. అన్నీ వస్తాయి. చాలాచోట్ల అవి జవాబు రాబట్టే యంత్రాంగంగానే వచ్చిపోతాయి. నిచ్చెన వేయడం, భాగించడం, అడుగున జవాబు రాయడం. ఆ నిచ్చెనలో దిగుతున్నప్పుడు ఒక సంఖ్య తన గుట్టు విప్పుతోందని పిల్లలకు ఎవరైనా ఒక్కసారి చెబితే ఆ పాఠం రంగు మారిపోతుంది. 65 ఎందుకు రెండు విధాల వర్గాల మొత్తమైంది, 60నే పెద్దలు ఎందుకు ఎంచుకున్నారు, 216కు మూడు ఘనాలు ఎందుకు కావాల్సి వచ్చాయి అన్న ప్రశ్నలు మార్కుల కోసం కాదు. ఇలాంటి ప్రశ్నలు అడిగే అలవాటు నుంచే గణితవేత్తలు వస్తారు.

సుబ్బారావు పరిచయం చేసిన సంఖ్యల కుటుంబంలో ఇప్పటికి అయిదే తెలుసు. అవి పరిమితంగానే ఉంటాయని ఆయన నమ్మారు. ఆరోది ఎక్కడో ఉందా, అసలు లేదా అన్నది ప్రపంచంలో ఎవరూ తేల్చలేదు. తేల్చడానికి ఎంత గణితం కావాలో ఎవరికీ తెలియదు గానీ, ప్రశ్న అర్థం చేసుకోవడానికి మాత్రం కారణాంకాలు, కూడికలు వస్తే చాలు. అంటే బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఆరో తరగతి చదువుతున్న ఏ పిల్లకైనా, ఏ పిల్లవాడికైనా రేపే ఈ ప్రశ్న ఇవ్వవచ్చు. ఇవ్వాలి. డెల్టాలో పుట్టిన మనిషి లోకానికి ఇచ్చిన ప్రశ్న ముందుగా డెల్టా పిల్లలకు తెలియడం న్యాయం.